మాగాయ జాడీలో జువాలజీ

మా నాన్నగారు సివిక్స్ లెక్చరర్. మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క జూనియర్ కాలేజీలో ఆయన పాఠం మొదలుపెడితే గోడమీద బల్లులు నిద్రపట్టి కిందపడేవని ఊరంతా చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నేనే. నిజానికి నేను బల్లి పడటం చూసింది కెమిస్ట్రీ క్లాసులో. కానీ ఏ బల్లి ఎక్కడ పడితే బాగుంటుందో కథ చెప్పేవాళ్ళు చూసుకోవాలి కదా. అందుకని ముందే మనవి చేస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో బొద్దింకలు నిజం, జాడీ నిజం, పులిహోర నూటికి నూరుపాళ్ళూ నిజం. మిగతాచోట్ల ఎక్కడైనా కాస్త ఉప్పూకారం ఎక్కువైనట్టు తోస్తే అది మా ఇంటి వంట తీరు అనుకోండి.

పదో తరగతి పాసవగానే నాన్నగారు నన్ను సి.ఇ.సి.లో చేర్చాలనుకున్నారు. నేను బైపీసీ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. తెల్లకోటు వేసుకుంటే బాగుంటానని ఎవరో అన్నట్టు గుర్తు.

"బైపీసీ అంటే బొద్దింకల్ని కొయ్యాలి. నువ్వు బొద్దింకని చూస్తే మంచమెక్కుతావు" అన్నారు నాన్నగారు.

"అది చిన్నప్పుడండీ."

"మొన్న మంగళవారం ఎక్కావు."

"అది చీపురు కోసం ఎక్కాను."

"మంచం మీద చీపురెందుకుంటుందే?" అని వంటింట్లోంచి మామ్మ అడిగింది. మామ్మంటే నాన్నగారి అమ్మ. ఆవిడ ఎక్కడున్నా ఇంట్లో జరిగే ప్రతి సంభాషణలోనూ ఉండేది.

చివరికి నాన్నగారు, "సరే, చేరు. ఒకటే షరతు. ప్రాక్టికల్ పరీక్షలో పోయావంటే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి సి.ఇ.సి. నా క్లాసులో. మొదటి బెంచీలో" అన్నారు.

ఆ షరతు ఎంత ఘోరమైనదో బయటివాళ్ళకి అర్థం కాదు. మా ఇంట్లో పంపు కట్టెయ్యకపోతే ప్రాథమిక విధులు వల్లె వేయించేవారు. కేబుల్ టీవీ పెట్టించమని వీధంతా పెట్టించుకున్న ఏడాది నేనూ అమ్మా అడిగితే, ఇంట్లో వోటింగు పెట్టి, మాది మెజారిటీ అని తేలాక, రాష్ట్రపతి పాలన విధించారు. ఇంట్లో ఉన్న సివిక్స్ చాలక కాలేజీలో కూడా రెండేళ్ళు, అదీ ఆయన కళ్ళెదురుగా, ఆవలింతకి కూడా వీల్లేకుండా! నేను బొద్దింకల్నే ఎంచుకున్నాను.

అలాగని బొద్దింకలు నన్ను ఎంచుకోలేదు. రికార్డులో బొమ్మ వేసేటప్పుడు కూడా కాళ్ళు అన్నిటికంటే చివర వేసేదాన్ని. ముందే వేస్తే పేజీ తిప్పేలోగా ఎటైనా పోతుందని. క్లాసులో డిసెక్షన్ వచ్చిన రోజల్లా నాకు జలుబు. నా పక్కనమ్మాయి కోసేది, నేను దూరం నుంచి భాగాల పేర్లు రాసేదాన్ని. రెండేళ్ళూ అలా గడిచిపోయాయి. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాక జువాలజీ మేడమ్ నన్ను పిలిచి, "పరీక్షలో నీ పక్కన ఫ్రెండు ఉండదమ్మా, ఎక్స్‌టర్నల్ ఉంటారు. ఆయనకి కూడా జలుబని చెబుతావా?" అంది.

ఎక్స్‌టర్నల్ అంటే వేరే ఊరి కాలేజీ నుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చే లెక్చరర్. ఆ రోజుల్లో మాకు దేవుడి తర్వాత దేవుడు.

"భయంగా ఉంది మేడమ్" అన్నాను.

"రెండు మూడు పట్టుకెళ్ళి ఇంట్లో పెట్టుకో. రోజూ చూడు. చూడగా చూడగా అదే పోతుంది."

బొద్దింక పోతుందో, భయం పోతుందో ఆవిడ చెప్పలేదు.

ల్యాబ్ అటెండరు ఒక పాత స్వీటు పెట్టెలో నాలుగింటిని పెట్టి ఇచ్చాడు. "ఆయ్, మంచి ఏపైన సరుకండి పాపగారూ. ఎక్కడివని అడక్కండి, మళ్ళీ మీరు ఆ హోటల్లో ఇడ్లీ తినరు. వీటిని పెట్టే గిన్నెకి లోపల అంచుకి ఆముదం రాయండి. కాళ్ళు జారి పైకి రాలేవు" అని చెప్పాడు. పెట్టె లోపల చిటపటమంటోంది. ఆ పెట్టెని చేతులు బారచాపి, ముఖం పక్కకి తిప్పి ఇల్లు చేరాను. దార్లో ఎదురైనవాళ్ళు ఎవరింట్లోనో శుభకార్యమనుకుని ఏంటమ్మా విశేషం అని పలకరించారు కూడా.

ఇంటికి తెచ్చాక అసలు చిక్కు. మాది మడి ఇల్లు. మామ్మ తడిబట్ట కట్టుకుని వంటకి దిగితే మేం ఎవరం ఆవిణ్ణి ముట్టుకోకూడదు, ఆవిడ ముట్టుకునేవాటిని ముట్టుకోకూడదు. అలాంటి ఇంట్లో బొద్దింకల్ని పెంచుతున్నానని తెలిస్తే వాటితోపాటు నన్ను కూడా పసుపునీళ్ళు చల్లి బయటపెడుతుంది. ఎక్కడ దాచాలా అని ఇల్లంతా వెతికి, చివరికి కొట్టుగది ఎంచుకున్నాను.

కొట్టుగదిలో ఊరగాయ జాడీలు రెండు వరసలు. పై వరస మడి జాడీలు, మామ్మ తప్ప ఎవరూ తాకకూడదు. కింద వరసవి ఇచ్చిపుచ్చుకునేవి. మా ఇంట్లో భోంచేసినవాళ్ళని వట్టి చేతులతో పంపడం మామ్మకి తెలియదు కాబట్టి, ఎవరు వచ్చినా ఆ కింద వరసలోది ఒక జాడీ వాళ్ళ వెంట వెళ్ళేది. మడిలో ఉండగా ఆవిడ వాటిని ముట్టుకోదు. దూరంగా నిలబడి అది తియ్యి, ఇది తియ్యి అని మా చేత తీయించేది. కింద వరసలో ఒక చివర ఖాళీ జాడీ ఉంది. దాని అంచుకి ఆముదం రాసి, స్వీటు పెట్టెని దాంట్లోకి బోర్లించి, అన్ని జాడీలకీ ఉన్నట్టే మూతికి తెల్ల గుడ్డతో వాసెన కట్టేశాను. చూసినవాళ్ళెవరికైనా అది ఊరగాయే. గుడ్డలోంచి గాలి ఆడుతుంది. ఇంత తెలివి నాకు లెక్కల్లో ఉంటే ఈ గొడవే లేదు.

రోజూ కాలేజీ నుంచి రాగానే పుస్తకం పట్టుకుని కొట్టుగదిలోకి వెళ్ళేదాన్ని. మొదట్లో వాసెన విప్పి గుమ్మం దాకా పరిగెత్తి అక్కణ్ణుంచి చూసేదాన్ని. అంటే జాడీని చూసేదాన్ని. తర్వాత తర్వాత దగ్గరికి జరిగాను. తొంగి చూడటం వచ్చింది. ఊరికే చూస్తే బాగుండదని ఏదో ఒకటి వెయ్యడం మొదలైంది. బెల్లం ముక్క వేస్తే నాలుగూ చుట్టూ చేరి పెళ్ళి పంక్తిలా కూర్చునేవి. కందిపొడి అన్నం తినేవి. ఇంగువ వాసన తగిలితే మాత్రం మొహం తిప్పుకునేవి, అచ్చం మా అత్తయ్యలాగా. వాటిలో ఒకదానికి ఒక మీసం సగానికి విరిగింది. దాన్ని ఒంటిమీసం అనుకునేదాన్ని. ఏది వేసినా ముందు అదే వచ్చి ఆ సగం మీసంతో తడిమి చూసి, బాగుందంటేనే మిగతావి వచ్చేవి. మా ఇంట్లో మామ్మకి కూడా అంత పెత్తనం లేదు.

భయం పోయింది. ముట్టుకోవడం మాత్రం రాలేదు. పైగా ఇంకో కొత్త బెంగ పట్టుకుంది. పుస్తకంలో 'బొద్దింకను మైనపు పళ్ళెంలో ఉంచి పిన్నులు గుచ్చవలెను' అని చదువుతుంటే జాడీలోంచి ఒంటిమీసం వింటున్నట్టుండేది. నేను ఆ వాక్యం గొంతు తగ్గించి చదివేదాన్ని.

పరీక్ష ఎల్లుండనగా నాన్నగారు కాలేజీ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చారు. వచ్చే ఎక్స్‌టర్నల్ తుని వైపు కాలేజీ ఆయన. నిష్ఠాపరుడు, హోటల్ తిండి ముట్టరు. ల్యాబ్ చూసుకోవడానికి ముందురోజే వస్తున్నారు. ఆయనకి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో పెట్టమని ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ.

"మా అమ్మాయి పరీక్ష రాస్తోందండీ, న్యాయం కాదండీ అన్నాను. ఊళ్ళో మడి వంట ఇంకెవరింట్లో ఉందండీ మాస్టారూ అన్నారు" అని చెప్పి, ఇంటిల్లిపాదినీ హాల్లో సమావేశపరిచారు. ఇంటిల్లిపాదీ అంటే మామ్మా, నేనూ. అమ్మ ఆ మూడు రోజులూ పెరటి వరండాలో విడిగా ఉంది. అక్కణ్ణుంచే హాజరు పలికింది.

"ఆయనకి మనమ్మాయి ఉన్నట్టే తెలియకూడదు. నిష్పక్షపాతం అంటే అదీ. తెలిసిందా, ఇది పరీక్ష మానేయాల్సిందే. నేనే దగ్గరుండి మానిపిస్తాను" అన్నారు నాన్నగారు.

"పిల్లలెంతమంది అని అడుగుతాడేమోరా?" అంది మామ్మ.

"మాట మార్చు."

"మడిలో అబద్ధమాడనురా నేను."

"అబద్ధం వద్దమ్మా. మౌనంగా ఉండు."

"అదెలాగో చెప్పు ముందు" అంది మామ్మ. పెరట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది.

నేను ఆయన వచ్చేలోగా పుస్తకాలు తీసుకుని ఫ్రెండు ఇంటికి వెళ్ళిపోవాలని తీర్మానం.

మర్నాడు పొద్దున్నే మామ్మ వంట మొదలుపెట్టింది. కందా బచ్చలి కూర, ముక్కల పులుసు, బూరెలు, ఆవ పెట్టిన పులిహోర. ఆవ నూరి కలిపిన ఆ పులిహోర వాసన వీధి చివరికి వెళ్ళి మనుషుల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. నైవేద్యం అయ్యాక మామ్మ నాకు ఆకులో ఇంత పులిహోర పెట్టి, "తిని బయల్దేరు. పాసయితే కోరుకొండ మెట్లు ఎక్కుతావని నరసింహస్వామికి మొక్కాను" అంది.

"మొక్కుకుంటే నువ్వెక్కాలి కదే మామ్మా."

"నాకు మోకాళ్ళ నొప్పులే. మొక్కడం వరకే నేను."

పులిహోర ఆకు పట్టుకుని కొట్టుగదిలోకి వెళ్ళాను. రేపటితో ఒంటిమీసం బతుకు ఏమవుతుందో తెలియదు. కాలేజీలో వాళ్ళ పెట్టె వేరే ఉంది, వీటిని ఎవరూ అడగరు, కానీ నా మనసు ఎందుకో బాగాలేదు. వాసెన విప్పి, నా ఆకులోది సగం పులిహోర జాడీలో వేశాను. ఒంటిమీసం తడిమి చూసింది. ఆవ ఘాటుకి వెనక్కి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. గోదావరి నీళ్ళు తాగిన బొద్దింక కదా. నాలుగూ కూర్చుని మొదలుపెట్టాయి. మళ్ళీ వాసెన కట్టి లేవబోతుండగా వీధి గుమ్మంలో, "మాస్టారున్నారాండీ?" అని వినిపించింది.

ఎక్కాల్సిన బస్సుకి ముందు బస్సు దొరికిందట ఆయనకి. కొట్టుగదికి ఒకటే గుమ్మం, అది హాల్లోకి. హాల్లోనే విస్తరి. నేను బియ్యం బస్తాల వెనక కూలబడ్డాను.

అక్కడ కూర్చుని విన్న భోజనం నేను తిన్న ఏ భోజనంకంటేనూ ఎక్కువ గుర్తు. "ఆహా, ఆవ పులిహోరండీ! మా అమ్మ పోయాక మళ్ళీ ఇన్నాళ్ళకి" అంటున్నారాయన.

"ఇంకాస్త వేయించుకోండి బాబూ" అంది మామ్మ.

"చాలండి, చాలండి."

"చాలు అన్నాక వడ్డించిందే లెక్క బాబూ. ముందు వడ్డించింది ఆకు తడపడానికి."

కాసేపు జుర్రుకునే చప్పుడు. తర్వాత ఆయన అడగనే అడిగారు. "పిల్లలెంతమందండీ మాస్టారూ?"

నేను బస్తా వెనక ఇంకాస్త కిందికి జారాను. నాన్నగారు దగ్గి, "జనాభా సమస్య గురించి చెప్పాలంటేనండీ..." అని ఎత్తుకున్నారు.

"పిల్లల సంగతి మావాణ్ణే అడగండి బాబూ. నాకు ఇవాళ మౌనం" అంది మామ్మ. అని, ఆ మౌనంలోనే తన కాపురం మొదలుకొని కాలవలకి నీళ్ళు కట్టేసిన సంగతి దాకా చెప్పుకొచ్చింది.

మజ్జిగలోకి మాగాయ వేసుకుని ఆయన మళ్ళీ ఆహా అన్నారు. అంతే, మామ్మకి పూనకం వచ్చింది. "ఒరేయ్, కొట్టుగదిలో కింద వరసలో చివరి జాడీ మాగాయరా. బాబుగారికి తీసుకురా."

ఏ వరసకైనా రెండు చివర్లుంటాయి. మామ్మ లెక్కలో లోపలి గోడవైపుది చివర. హాల్లోంచి వచ్చే నాన్నగారికి గుమ్మం వైపుది చివర. రోజూ అయితే ఆవిడ గుమ్మంలో నిలబడి, అది కాదు ఇది అని వేలు చూపించేది. ఇవాళ వడ్డనలో ఉంది. అమ్మ ఉంటే జాడీ ఎత్తగానే బరువు చూసి చెప్పేది. నాన్నగారికి జాడీకీ గోళేనికీ తేడా తెలియదు.

నాన్నగారు లోపలికి వచ్చారు. ఆయన వెనకే ఎక్స్‌టర్నల్ గారు కూడా గుమ్మం దాకా వచ్చి, "అబ్బెబ్బే, ఎందుకండీ ఇవన్నీ" అంటున్నారు. నాన్నగారు వంగి నా జాడీ మీద చెయ్యి వేశారు. నేను బస్తా పక్కనుంచి తల బయటపెట్టి రెండు చేతులూ ఊపాను. అది కాదు, అది కాదు!

ఆయన నన్ను చూశారు. జాడీ సంగతి ఆయన బుర్రకి ఎలా వస్తుంది? నేను ఎక్స్‌టర్నల్ గారికి కనపడి నమస్కారం పెట్టి మార్కులు సంపాదించుకోవాలని చూస్తున్నానని అనుకున్నారు. కళ్ళెర్ర చేసి, "కూర్చో!" అని పళ్ళ మధ్య నుంచి అన్నారు.

"ఎవరితోనండీ?" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు.

"బస్తాతోనండీ. ఒరిగిపోతుంటేనూ" అని నాన్నగారు జాడీ చంకన పెట్టుకుని ఆయన్ని హాల్లోకి తోసుకుంటూ వెళ్ళిపోయారు. నిజాయితీపరుడైన మా నాన్నగారు జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ బస్తా మీద.

వీధి గుమ్మంలో మామ్మ దూరంగా నిలబడి జాగ్రత్తలు చెబుతోంది. "ఇప్పుడే విప్పకండి బాబూ, ప్రయాణంలో కుదులుతుంది, రేపటికి సర్దుకుంటుంది. తడి చెయ్యి పెట్టకండి. రోజూ ఒకసారి కిందికీ మీదికీ కలపండి."

ఆయన వెళ్ళాక నాన్నగారు నా మీద పడ్డారు. "నాన్నగారూ, ఆ జాడీ..." అన్నాను.

"ఆయన గురించి కానీ, పరీక్ష గురించి కానీ రేపటి దాకా నువ్వు నాతో మాట్లాడటానికి వీల్లేదు. రూలంటే రూలే."

పెరట్లోకి పరిగెత్తి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ ముందు నమ్మలేదు. నేను చెప్పేవి ఎవరూ ఒక్కసారికి నమ్మరు. నమ్మాక పైట నోట్లో కుక్కుకుని, కింద కూర్చుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. తర్వాత తుడుచుకుని, "చూడు. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి జాడీ మార్చుకొస్తే, ఎందుకని అడుగుతారాయన. ఎవరి బొద్దింకలంటారు. నువ్వు బయటపడతావు. మీ నాన్నగారు అన్నంత పనీ చేస్తారు. నోరు మూసుకుని చదువుకో. నీకదే కష్టం, తెలుసు" అంది.

మర్నాడు పొద్దున్న ల్యాబ్ గుమ్మంలోనే అటెండరు ఎదురయ్యాడు. కళ్ళు తిప్పుతూ, "కొంప మునిగిందండి పాపగారూ. మన పెట్టెకి గండుచీమలు పట్టేసినయండి. వట్టి డొప్పలే మిగిలినయ్. సారు ఎక్కడ్నుంచి తెచ్చేరో కానండి, జాడీతో తెచ్చేరు. ఆయ్, ఆటిని ఎక్కడో చూసినట్టుందండి నాకు" అన్నాడు.

లోపల టేబుల్ మీద, తెల్ల గుడ్డ వాసెనతో సహా, మా జాడీ.

ఎక్స్‌టర్నల్ గారు దాని పక్కన గంభీరంగా నిలబడి ఉన్నారు. నిన్న ఆహా అన్న గొంతు ఇవాళ బొంగురుపోయింది. చీట్లు తీయించారు. చాలామందికి స్లైడ్లూ వానపాములూ వచ్చాయి. నా చీటీలో బొద్దింక జీర్ణవ్యవస్థ. అటెండరు నా పళ్ళెంలో ఒకదాన్ని వేశాడు. మత్తుమందుకి వెల్లకిలా పడి ఉంది. ఒక మీసం సగమే ఉంది.

ఒంటిమీసం!

నా చేతులు బల్ల కింద ఉండిపోయాయి. పక్కవాళ్ళంతా మొదలుపెట్టేశారు. జువాలజీ మేడమ్ నా వైపు చూసి కళ్ళతోనే 'కానీ' అంటోంది. ఇది నాకు తెలిసిన ప్రాణి, బెల్లం అంటే ఇష్టం, నిన్న నా ఆకులోది తింది. దీన్ని ఎలా పట్టుకోవడం, పట్టుకుంటే ఎలా కొయ్యడం? వెళ్ళిపోదామని లేవబోయాను.

అప్పుడు వినపడింది. ల్యాబ్ కిటికీకి ఎదురుగా, ముంగిలికి అవతల, సి.ఇ.సి. మొదటి సంవత్సరం క్లాసు. నాన్నగారు పాఠం చెబుతున్నారు. "పౌరుల ప్రాథమిక విధులు, వ్రాసుకోండి..." కిటికీలోంచి మొదటి బెంచీ కనపడుతోంది. దాని మీద ఇద్దరు అమ్మాయిలు కళ్ళు తెరిచి నిద్రపోతున్నారు. వాళ్ళ పక్కన ఒక మనిషికి సరిపోయే ఖాళీ. ఖాళీ చాలా శుభ్రంగా తుడిచి ఉంది.

నేను కూర్చుని ఒంటిమీసాన్ని వేళ్ళతో పట్టుకున్నాను. వేరుశనగ తొక్కంత తేలిక. ఇంత తేలికైనదానికా రెండేళ్ళు మంచాలెక్కాను అనిపించింది. మనసులో క్షమించమని చెప్పి, పిన్నులు గుచ్చి, పక్కలు కత్తిరించి, పై పెంకు ఎత్తాను. గొంతు దగ్గర్నుంచి గొట్టం. దాని వెంటనే అన్నాశయం, అంటే అది తిన్నదంతా ముందు దాచుకునే సంచి. పుస్తకంలో అది చిన్న బుడగలా ఉంటుంది. దీనిది పండగ పూట మా మామయ్య పొట్టలా ఉబ్బి, పల్చటి చర్మంలోంచి పచ్చగా మెరుస్తోంది.

నా భుజం మీదుగా ఎక్స్‌టర్నల్ గారు వంగారు.

"ఏంటమ్మా ఇది?"

"అన్నాశయం అండి."

"అది తెలుసు. ఇంత పచ్చగా ఉందేంటి?"

"ఆహారమండి."

ఆయన సూదితో దాన్ని తాకారు. అది ఆ క్షణం కోసమే కాచుకున్నట్టు పుటుక్కుమంది. పసుపురంగు మెతుకుల ముద్ద, దాని మధ్య ఆవగింజ పెచ్చు. వాసన వచ్చిందంటే మీరు నమ్మరు, కానీ వచ్చింది. ఆయనకి వచ్చింది, నేను ఆయన ముక్కుపుటాలు చూశాను. నిన్న మధ్యాహ్నం ఆ వాసనకే ఆహా అన్న ముక్కు అది.

ఆయన నిటారుగా నిలబడ్డారు. పళ్ళెంకేసి చూశారు. జాడీకేసి చూశారు. కిటికీలోంచి ప్రాథమిక విధులు వినపడుతున్న వైపు చూశారు. చివరికి నన్ను చూశారు. నేను అచ్చం మా నాన్నగారి పోలిక, ముక్కుతో సహా.

"బొద్దింక ఏం తింటుంది?" అని మెల్లిగా అడిగారు.

"సర్వభక్షి అండి."

"పుస్తకం మాట కాదు. నువ్వు చెప్పు."

నోరు తెరుచుకుంది. నా నోరు తెరుచుకుంటే మూయడం కష్టమని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. బెల్లం ఎలా తింటుందో, కందిపొడి ఎలా తింటుందో, మీసాలతో ముందు ఎలా తడుముతుందో, వెలుతురు పడితే ఏ మూలకి చేరుతుందో, ఇంగువకి ఎలా మొహం తిప్పుకుంటుందో, మీసం విరిగినా రెండోదాంతో ఎలా నెట్టుకొస్తుందో అంతా చెప్పాను. ఆయన ఆపలేదు. నేను ఊపిరి తీసుకునేటప్పుడు, "మరి మాల్పీజియన్ నాళికలు ఏవమ్మా?" అన్నారు.

చూశాను. లేవు. పేగు చుట్టూ సన్నటి దారాల్లా ఉండాల్సినవి, కంగారులో ఎప్పుడో తెగి పిన్ను తలకి చుట్టుకున్నాయి.

"ఇక్కడ ఉండేవండి" అన్నాను, వేలు పెట్టి చూపిస్తూ.

"వాటికి మార్కులు పోతాయి."

"అలాగేనండి."

"మిగతావాటికి పోవు" అని ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. రాసి, జేబురుమాలుతో మొహం తుడుచుకుని, గొంతు బాగా తగ్గించి అన్నారు. "నిన్నట్నుంచి కుమిలిపోతున్నానమ్మా. అంత మర్యాదస్థులు, నన్నిలా వెక్కిరించారేంటి, నేనేం తప్పు మాట్లాడాను, పులిహోర మూడోసారి అడగటం తప్పయిందా అని. సరేలే. నేనేం అడగలేదు, నువ్వేం చెప్పలేదు. ఒక్కటి చెప్పు. ఖాళీ జాడీ తిరిగి ఇవ్వకూడదంటారు మా ఇంట్లో. ఏం పెట్టి ఇవ్వాలి?"

"మాకు పటికబెల్లం ఇష్టమండి... అంటే, ఆ ఇంటివాళ్ళకండి" అన్నాను.

అప్పుడు ఆయన నవ్వు ఆపుకోవడానికి పక్క బల్ల దగ్గరికి వెళ్ళి, వానపాము కోస్తున్న అమ్మాయిని అనవసరంగా కేకలేశారు.

వేసవిలో ఫలితాలు వచ్చాయి. నేను పాసయ్యాను. జువాలజీలో నాళికల మేరకి తరిగి, తక్కినవి వచ్చాయి. నాన్నగారు నా మార్కులు చూసి, "చూశావా, నిష్పక్షపాతంగా ఉంటే ఎంత బాగుంటుందో" అన్నారు. నేను మౌనం పాటించాను. కోరుకొండ మెట్లు ఎక్కాను. కింద నీడలో కూర్చుని మామ్మ నా నడక మీద వ్యాఖ్యానం చెప్పింది. మొదటి బెంచీలో ఆ ఖాళీలో మరుసటి ఏడు ఎవరో పాపం కూర్చున్నారు.

కానీ అసలు ఫలితం పరీక్ష రోజు సాయంత్రమే వచ్చింది. అటెండరు మా జాడీ తెచ్చాడు. కడిగి తుడిచి, నిండా పటికబెల్లం పోసి, కొత్త గుడ్డతో వాసెన కట్టి ఉంది. మామ్మ అరుగు మీద ఆత్రంగా కూర్చుంది.

"మాగాయ ఎలా ఉందన్నారూ?"

"ఆయ్, జన్మలో అలాంటిది తినలేదని చెప్పమన్నారండి మామ్మగారూ. ముక్క కరకరలాడిపోయిందటండి."

అది ఆయన అన్న మాటో, అటెండరు దార్లో కలుపుకున్నదో నాకు ఇప్పటికీ తెలియదు. మామ్మ మాత్రం కాసేపు నుదురు ముడేసుకుంది. "మాగాయ ముక్క కరకరలాడటమేవిటే? మెత్తగా నానాలి కదా" అంది నాతో. తర్వాత తానే సర్దుకుని, "ఎండ బాగా తగిలి ఉంటుంది. అంత చదువుకున్నవాడు ఊరికే అంటాడా? అదే అసలు రుచి కాబోలు" అంది.

ఆ వేసవి నుంచి మా ఇంట్లో మామిడి ముక్కలు పెంకులయ్యేదాకా ఎండేవి. చుట్టాలు పళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూ తిని, ఎక్స్‌టర్నల్ గారు మెచ్చిన మాగాయ కదా అని బాగుందనేవారు. నేను కూడా తినేదాన్ని. కాకపోతే ఎప్పుడు కరకరమన్నా, నములుతున్నదాన్ని ఆపి, దానికి మీసాలేమైనా ఉన్నాయేమోనని ఒకసారి నాలుకతో తడిమి చూసుకునేదాన్ని.